వాటాల ఇంటికి మరమ్మతు: పాత విశాఖ అద్దె ఇళ్ళను వాటి తీరు చెడకుండా బాగుచేసుకునే పద్ధతి

కురుపాం మార్కెట్ నుంచి పాత పోస్టాఫీసు వైపు సందుల్లో నడుస్తుంటే ఇప్పటికీ కొన్ని ఇళ్ళు కనిపిస్తాయి. ముందు అరుగు, అరుగు మీద టేకు స్తంభాలు, పైన బంగళా పెంకు, తలుపు పక్కన వరసగా నాలుగో అయిదో కరెంటు మీటర్లు. మీటర్లు లెక్కపెడితే చాలు, లోపల ఎన్ని వాటాలున్నాయో తెలిసిపోతుంది. ఒకప్పుడు ఒకే కుటుంబం ఉన్న ఇల్లు. తరవాత నడవలో అడ్డుగోడ లేచింది, వెనక వసారా వంటగది అయింది, పెరట్లో ఉమ్మడి స్నానాలగది వచ్చింది.

మాకూ అలాంటి ఇల్లు ఒకటుంది. 1933లో నౌకాశ్రయం మొదలయ్యాక ఉద్యోగాలకు ఊళ్ళోకి వచ్చినవారికి ఇవ్వడానికి మా తాతగారే దాన్ని రెండు వాటాలు చేశారు. నాన్నగారి కాలానికి అవి నాలుగయ్యాయి. ఇల్లు నా చేతికి వచ్చిన మొదటి ఏడాదే నేను ఒక ఘనకార్యం చేశాను. ముందు గదిలో పొడిపొడిగా రాలుతున్న సున్నపు పూతను గీకించి, నున్నటి సిమెంటు పూత వేయించి, పైన ఖరీదైన రంగు కొట్టించాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత అప్పడంలా పొంగింది. దాని వెనక ఇటుక తడిసి, చేత్తో తీస్తే బెల్లంముక్కలా ఊడి వచ్చింది. అంతకు ముందు ఎనభై ఏళ్ళు ఆ గోడ బాగానే ఉంది. దాన్ని చెడగొట్టింది వయసు కాదు, నేను.

ఆ దెబ్బతో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పని మొత్తానికి వరస ఒక్కటే: పైనుంచి కిందికి, బయట నుంచి లోపలికి. కప్పు కారుతుండగా గోడలకు రంగు వేయించేవారు డబ్బును కాలువలో పోస్తున్నట్టే.

1. ముందు ఒక వానాకాలం ఊరికే చూడండి

వీలుంటే మేస్త్రిని పిలవడానికి ముందు ఒక వానాకాలం గడవనివ్వండి. మన ఊరికి రెండు రకాల వాన ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే నైరుతి వాన ఎక్కువగా పైనుంచి పడి పెంకు సందుల్లో దిగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వాన గాలితో కలిసి అడ్డంగా కొట్టి, కిటికీ చట్రాల కిందికీ గోడ పగుళ్ళలోకీ దూరుతుంది. ఒక మరక ఏ నెలలో పెరిగిందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే.

ఒక నోటుపుస్తకం తీసుకుని గదికో పేజీ కేటాయించండి. పొడవు, వెడల్పు, ఎత్తు, గోడ మందం, తలుపులూ కిటికీలూ వెంటిలేటర్లూ ఎక్కడున్నాయో గీసుకోండి. ప్రతి గోడకూ, కప్పుకూ తేదీతో ఫొటో తీయండి. తరవాత మేస్త్రి "ఇది మొదటినుంచీ ఇలాగే ఉందండీ" అన్నప్పుడు ఈ ఫొటోలే మీకు సాక్ష్యం.

అద్దెకున్నవారిని అడగడం మరచిపోవద్దు. ఇంటి యజమాని నెలకొకసారి వస్తాడు, వాళ్ళు రోజూ అక్కడే ఉంటారు. మా మూడో వాటాలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్న మామ్మగారు ఒకరున్నారు. వంటగది గోడ చెమ్మకు కారణం తెలియక నేను తల పట్టుకుంటే ఆవిడ తాపీగా, "గోడ తడిసేది వానకు కాదు బాబూ, పక్కింటి తొట్టి నిండి పొర్లినప్పుడు" అన్నారు. తీరా చూస్తే అదే నిజం.

ఆ తరవాత చేత్తో చేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఖర్చు ఏమీ ఉండదు. గోడను వేలి కణుపుతో కొట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చినచోట పూత ఇటుకను వదిలేసింది, అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. దూలాలు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మంచి టేకులో మొన దిగదు, పుచ్చినదైతే అంగుళం దిగిపోతుంది. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీని రెండు చివరలా జిగురుతో అతికించి తేదీ రాయండి. మూడు నాలుగు నెలల్లో గాజు పగిలితే ఆ పగులు ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పూతతో కప్పిపుచ్చకుండా పాత కట్టడాల అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. గోడ పొట్ట బయటికి ఉబ్బినా, దూలం మధ్యలో వంగినా అంతే, సొంత వైద్యం పనికిరాదు.

చెమ్మ ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడానికి అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపు వేసి గోడకు అతికించి రెండు రోజులు ఉంచండి. నీటి బిందువులు కాగితం లోపలివైపు పడితే తడి గోడలోనే ఉంది. బయటివైపు పడితే అది గదిలోని గాలి తేమ, కిటికీ తెరిస్తే పోయేది.

2. ఏది ఉంచాలి, ఏది తీయాలి

వారసత్వం అనగానే చెక్కిన స్తంభాలూ, ద్వారబంధం మీది లతలూ గుర్తొస్తాయి. వాటిని ఎలాగూ ఎవరూ పారేయరు. మనం గమనించకుండా పోగొట్టేవి వేరే ఉన్నాయి. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరసలో ఉండడం, కప్పు ఎత్తు, పైన వెంటిలేటర్లు, వీధికీ ఇంటికీ మధ్య అరుగు. సముద్రపు గాలి ఇంట్లో ఈ చివర నుంచి ఆ చివరకు పోయేది ఆ వరస వల్లే. వాటా కోసం దానికి అడ్డుగోడ కట్టినప్పుడు ఇల్లు ఉక్కపోతకు మొదలవుతుంది. మా ఇంట్లో అలాంటి ఒక అడ్డుగోడను ఆరడుగుల ఎత్తుకు కోయించి, పైన చెక్క జాలీ పెట్టించాను. వాటాలు రెండూ వేరుగానే ఉన్నాయి, గాలి మాత్రం తిరుగుతోంది.

అలాగని పాతదల్లా పవిత్రం కాదు. తరవాతి కాలంలో పెరటివైపు దించిన సిమెంటు రేకులు, వసారా మూసిన నాలుగంగుళాల గోడలు, అరుగు మీద కట్టిన కిరాణా కొట్టు గట్టు, ఇవి తీసేస్తే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. ఒక జాగ్రత్త: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే, ఊపిరితిత్తులకు హాని చేసే పీచు ఉంటుంది. వాటిని రంపంతో కోయకూడదు, సుత్తితో పగలగొట్టకూడదు. నీళ్ళు చల్లి తడిపి, మేకులు విప్పి, ముక్కలు కాకుండా దింపించండి. పనివాళ్ళకు మంచి మాస్కులు ఇవ్వండి.

నిర్ణయించలేని చోట సలహాకు, పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థకు విశాఖలో శాఖ ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజనీరింగు కళాశాలలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. అడిగితే చెప్పేవారు దొరుకుతారు.

3. సంతకాలు, వాటాదారులు, అద్దెదారులు

పాత ఇళ్ళు ఎక్కువగా కూలేది చెదలతో కాదు, దాయాదులతో. దస్తావేజు తాతగారి పేరున ఉంటుంది, వారసులు ఏడుగురు ఉంటారు, ఒకరు అమెరికాలో ఉంటారు. ఇటుక తీయకముందే అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకోండి: ఏ పని, ఎంత ఖర్చు, ఎవరి వాటా ఎంత, అద్దెలోంచి ఎలా రాబట్టుకోవాలి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే వారి అంగీకారం కూడా రాతలో ఉండాలి.

వెల్ల వేయడం, పూత, పెంకు మార్చడం, నేల బాగుచేయడం లాంటి పనులకూ, గోడలు జరపడం, అంతస్తు వేయడం, పెరట్లో కొత్త గదులు కట్టడం లాంటి పనులకూ అనుమతుల విషయంలో చాలా తేడా ఉంది. మీ పని ఏ కోవలోకి వస్తుందో మహా విశాఖ నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళికా విభాగంలో ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం దగ్గర్లో ఉంటే దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. భీమిలి వైపు ఇళ్ళున్నవారు దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

ఇక అద్దెదారులు. ఇల్లంతా ఖాళీ చేయిస్తే పని తొందరగా అవుతుందని కాంట్రాక్టరు చెబుతాడు. అతనికి అది నిజమే, మీకు కాదు. నలుగురూ వెళ్ళిపోతే అద్దె ఆగిపోతుంది, ఇల్లు తాళంలో పడుతుంది, తాళంలో పడ్డ పెంకుటిల్లు రెండేళ్ళలో పాడవుతుంది. మేము చేసింది ఇది: ఒక వాటా తనంతట తాను ఖాళీ అయ్యేదాకా ఆగాం. దాన్ని మొదట బాగుచేసి, రెండో వాటావారిని అందులోకి మార్చాం. అలా వరసగా జరుపుకుంటూ వచ్చాం. చివరికి అందరూ ఎవరి వాటాకు వాళ్ళు చేరారు. ఏడాదిన్నర పట్టింది. ఒక్క నెల అద్దె కూడా పూర్తిగా ఆగలేదు.

దీనికి ముందే రాసుకోవలసిన విషయాలున్నాయి. ఏ తేదీన మారాలి, ఎన్ని నెలలు, ఆ నెలల్లో అద్దె ఎంత తగ్గుతుంది, తిరిగి వచ్చాక ఎంత పెరుగుతుంది. ఏడాది మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అది తప్పించుకోవచ్చనుకుని చాలామంది పదకొండు నెలలకు రాస్తారు. మరమ్మతు ఉన్నప్పుడు పొడవాటి ఒప్పందం రాసి రిజిస్టరు చేయించడమే ఇద్దరికీ నిశ్చింత అని నా అభిప్రాయం. ఒకటి మాత్రం పట్టుబట్టండి: మరుగుదొడ్డీ మంచినీళ్ళ కొళాయీ ఒక్క పూట కూడా ఆగకూడదు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఆదాయపన్ను లెక్కలో అద్దె మీద వచ్చే 30 శాతం తగ్గింపు మీరు మరమ్మతు చేయించినా, చేయించకపోయినా ఒకటే. మరమ్మతు బిల్లులు విడిగా చూపడానికి కుదరదు. అప్పు చేసి బాగుచేయిస్తే ఆ వడ్డీకి మాత్రం మినహాయింపు ఉంది.

4. నీటికి దారి చూపడం

పాత విశాఖలో ఇళ్ళు కుంగలేదు, వీధులు లేచాయి. ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేయడంతో, ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరే అరుగు ఇప్పుడు వీధితో సమానంగా ఉంటుంది. వాన నీరు పునాది పక్కనే నిలుస్తుంది. దాన్ని ఆపడానికి మనవాళ్ళు గోడ మొదట్లో సిమెంటు గచ్చు చేస్తారు. దానితో తడికి బయటికి పోయే దారి మూసుకుపోయి గోడలోకి ఎక్కుతుంది. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే కారణం ఎక్కువగా ఇదే.

గోడ వెంట ఉన్న సిమెంటు గచ్చును అడుగున్నర వెడల్పున తీయించండి. పునాది అట్టడుగు కంటే లోతుకు పోకుండా చిన్న కాలువ తవ్వించి, కంకర నింపి, వాలు కాలువ వైపు ఉండేలా చూడండి. చూరు నీళ్ళు గోడ పక్కన పడకుండా తూము పెట్టించండి. మురుగు గొట్టాల్లో రంగు నీళ్ళు పోసి ఎక్కడ తేలుతుందో చూడండి. ఈ పనులు అయ్యాక గోడను ఒక వేసవంతా ఆరనివ్వాలి. మందపాటి గోడ నిదానంగా ఆరుతుంది. ఇక్కడ తొందరపడినవారే నాలాగా రెండుసార్లు ఖర్చు పెడతారు.

పునాది రాయి గురించి ఒక మాట. మన కొండల రాయి ఖోండలైట్. చూడటానికి గట్టిగా ఉన్నా తేమ తగులుతూ ఉంటే ఎర్రగా మెత్తబడి పొడిగా రాలుతుంది. దాని సందులను సిమెంటుతో నింపితే సందులు గట్టిగా నిలిచి రాయి మాత్రం అరిగిపోతుంది. అంగుళం లోతుకు గీకి సున్నంతో నింపండి.

5. కప్పు

డబ్బులో పెద్ద భాగం ఇక్కడే పెట్టాలి. పని జనవరిలో మొదలై మే నెలాఖరుకు ముగిసేలా చూసుకోండి.

*పెంకు.* నూరు చదరపు అడుగులకు సుమారు 150 బంగళా పెంకులు పడతాయి. దింపేటప్పుడు ఒక్కొక్కదాన్ని కణుపుతో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది, బద్ద శబ్దం వస్తే పగిలింది. వెనక ముద్ర ఉన్న పాత పెంకులను వీధి వైపు వాలుకు దాచి, కొత్తవి పెరటి వైపు వాడండి. రెండింటినీ ఒకే వాలులో కలిపితే గాడులు సరిగా కూర్చోవు, అక్కడే కారుతుంది. తక్కువైనవి పాత సామాను కొట్లలో దొరుకుతాయి. ఒక పెంకు చేతపట్టుకుని వెళ్ళి పక్కన పెట్టి చూసి కొనండి.

వాసాలు, రీపర్లు చూశాకే మళ్ళీ పెంకు నేయించాలి. వాసం కింది చివర ఒక్కటే పుచ్చితే మొత్తం మార్చనక్కర్లేదు. పుచ్చిన భాగం కోసి, ఏటవాలు అతుకుతో అదే జాతి కర్ర జోడించవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు మా వీధిలో మొదట లేచిపోయింది చూరు వరస పెంకులే. ఒకటి లేచాక గాలి లోపల దూరి మిగతావాటిని విసిరేసింది. కాబట్టి చూరు నుంచి మూడు వరసలు, కొప్పు పక్క వరస, రెండు పక్క అంచులు, ఇవన్నీ రాగి లేక స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో రీపర్లకు కట్టించండి. మామూలు కట్టుతీగ ఈ ఉప్పుగాలిలో కొన్నేళ్ళకే తుప్పుపట్టి తెగుతుంది. కొప్పు పెంకులను సున్నంతోనే అతికించాలి.

*మద్రాసు టెర్రస్.* మేడ ఉన్న పాత ఇళ్ళలో పైకప్పు ఇదే. టేకు దంతెల (వరసగా పరిచిన సన్నటి దూలాల) మీద పలచటి చిన్న ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో అమర్చి, పైన ఇటుక ముక్కల జల్లీ, సున్నం కలిపి రోజుల తరబడి బడితెలతో కొట్టి గట్టిచేసేవారు. కింద నుంచి చూస్తే దంతెల మధ్య ఇటుక వరసలు కనిపిస్తాయి. దీన్ని జిప్సం సీలింగుతో మూసేయడం అందాన్ని దాచడమే కాదు, ప్రమాదం కూడా. దంతె పుచ్చుతోందో, చెద పట్టిందో ఇక ఎవరికీ తెలియదు.

ఇది కారుతోందంటే మేస్త్రి వెంటనే చెప్పేది "పైన రెండంగుళాల కాంక్రీటు వేసేద్దాం" అని. ఒప్పుకోవద్దు. రెండంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు తూగుతుంది. పదడుగుల గది మీద అది టన్నుకు పైమాటే. దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు మరో టన్ను. ఎనభై ఏళ్ళ దంతెలు ఆ బరువుకు ఒప్పుకోలేదు. సరైన దారి తిరుగుడు దారి. గతంలో వేసిన సిమెంటు పొరలు సుత్తి ఉలితో మెల్లగా తీయించి, పగిలిన జల్లీ సున్నాన్ని అదే మిశ్రమంతో నింపించి, పైన పలచటి మట్టి పలకలు సున్నంతో అతికించాలి. వాలు నీటి తూము వైపు ఉండాలి. ట్యాంకును పెరట్లో విడిగా ఇనుప స్టాండు మీద పెట్టండి.

దంతె చివరలు గోడలో పుచ్చి ఉంటే ముందు కింద నుంచి ఆనుకర్రలు, జాకీలతో బరువు ఎత్తి పట్టాలి. తరవాత పుచ్చిన చివర కోసి, ఆరిన టేకు ముక్కను జోడించి, రెండు పక్కలా స్టెయిన్‌లెస్ పలకలు బోల్టులతో బిగించాలి. సముద్రం దగ్గర 316 రకం స్టీలే వాడండి, 304కు కూడా మరకలు పడతాయి. గోడ గూటిలో దంతె చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి. కర్రకు గాలి తగిలితే పుచ్చదు. ఈ పని ఇంజనీరు కళ్ళ ముందే జరగాలి.

కొన్ని ఇళ్ళలో దూలాలకు బదులు ఇనుప పట్టాలుంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి గోడను పగలగొడుతుంది. తుప్పు పూర్తిగా గీకించి, జింకు పూత వేయించి, ఎంత మిగిలిందో కొలిపించండి.

6. గోడకు సున్నం

సున్నం పని చేసే తాపీ మేస్త్రి దొరకడం కష్టమే, కానీ దొరుకుతాడు. ఆలయాల మరమ్మతు పనులు చేసినవారిని వాకబు చేయండి. అంతదాకా మామూలు మేస్త్రికి మీరే నేర్పించవచ్చు. చేయి ఉన్నవాడికి వారంలో పట్టుబడుతుంది.

కాల్చిన సున్నపురాయి కానీ, మన తీరంలో పూర్వం వాడిన గుల్లసున్నం కానీ తెచ్చి, గోతిలోనో ఇనుప డ్రమ్ములోనో నీళ్ళు పోసి అందులో కొద్దికొద్దిగా వేయాలి. అది సలసల మరుగుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో వేస్తే డ్రమ్మే కరుగుతుంది. కళ్ళజోడు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, ముఖ్యంగా వాటాల్లో పిల్లలున్న ఇంట్లో. చల్లారాక జల్లెడ పట్టి, పైన నీళ్ళు నిలిపి కనీసం మూడు వారాలు మగ్గనివ్వండి. ఎంత మగ్గితే అంత వెన్నలా అవుతుంది.

మామూలు పూతకు ఒక పాలు ఈ సున్నం, మూడు పాళ్ళు ఇసుక. తడి తగిలే చోట ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్ళు ఇసుక. నది ఇసుకే కావాలి. బీచి ఇసుకలో ఉప్పు ఉంటుంది, అది గోడలోంచి ఎప్పటికీ పోదు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలపడం పాత అలవాటు. కలిపితే మిశ్రమం సాగుతుంది, పగుళ్ళు తగ్గుతాయి. అతిగా కలిపితే చీమలు వస్తాయి, అది నా అనుభవం. సున్నం రుబ్బే గానుగ దొరక్కపోతే చిన్న రోలరు మిక్సరులో అరగంట తిప్పండి.

గోడ మీద డొల్లగా ఉన్న పూతనే తీయండి, గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోకండి. ఇటుక సందులు గీకి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపించండి. కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికి పోతుంది. గోడను ముందురోజు తడిపి, ఒక్కో పొర అర అంగుళం మించకుండా వేయించండి. మధ్యలో వారం గడవాలి. సున్నం ఆరడమంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారడం. అందుకు తేమా, గాలీ రెండూ కావాలి. ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు వేలాడదీసి పది రోజులు కాపాడండి. డిసెంబరు, జనవరి ఈ పనికి అనువైన నెలలు. ఉప్పు బాగా పట్టిన గోడకు మొదటి పూత ఉప్పును పీల్చుకుని రాలిపోవడానికే. రెండేళ్ళకు దాన్ని తీసి మళ్ళీ వేయాలి. ఆ సంగతి ముందే లెక్కలో రాసుకోండి, అప్పుడు బాధ ఉండదు.

పైన ప్లాస్టిక్ రంగు వద్దు. తేటసున్నాన్ని గుడ్డలో వడగట్టి, కాస్త తుమ్మజిగురు కలిపి, తడి గోడ మీద పలచగా నాలుగైదు సార్లు వెల్ల వేయించండి. రంగు కావాలంటే జాజు, పసుపు మట్టి, నీలిమందు ఉన్నాయి.

7. కర్ర, నేల

పాత బర్మా టేకు తలుపులను అమ్ముకుని ఫ్లష్ తలుపులు పెట్టుకున్నవారిని చూస్తే నాకు జాలి. ద్వారబంధం అడుగు జానెడు పుచ్చితే ఆ జానెడే కోసి అతికించండి. చెక్క కిటికీ రెక్కలను అస్సలు తీయకండి. హుద్‌హుద్ గాలికి మా ఇంట్లో అద్దాలు పగిలాయి, రెక్కలు వేసిన కిటికీలు నిలిచాయి. పాత రంగు పొరల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు) పరిమితి అమలులోకి వచ్చింది 2017లోనే. అందుకని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దించవద్దు. తడిపి గీకించి, ఆ చెత్తను సంచిలో కట్టి పారేయించండి. శుభ్రపడ్డ కర్రకు అవిసెనూనె పట్టించండి.

ఎర్ర గచ్చు నేల, పూల టైళ్ళు, కడప బండలు, వీటి మీద కొత్త టైళ్ళు పరిస్తే నేల రెండంగుళాలు లేస్తుంది, తలుపుల అడుగు కోయాలి, గడప సగం మునుగుతుంది. సబ్బునీళ్ళతో కడిగి, మైనం రుద్దితే చాలు.

8. స్నానాలగది, కరెంటు

అద్దెదారులు నిజంగా అడిగేది ఇవే. వాళ్ళకు సున్నం సంగతి అక్కరలేదు, వాటాకో మరుగుదొడ్డి కావాలి, ఏసీకి ప్లగ్గు కావాలి. అది న్యాయమే. వారసత్వం పేరు చెప్పి ఉమ్మడి దొడ్డి దగ్గర వాళ్ళను వరసలో నిలబెట్టకూడదు.

తడి గదులన్నీ పెరటి వైపు, పాత గోడలకు ఆనకుండా, సొంత పునాది మీద కొత్తగా కట్టించండి. ఇంటికీ వాటికీ మధ్య జానెడు సందు, పైన చిన్న కప్పు. మేడ మీదివారికి కూడా ఆ కొత్త కట్టడంలోనే పై అంతస్తు. మద్రాసు టెర్రస్ మీద స్నానాలగది పెడితే దంతెలు పుచ్చడం ఖాయం. గొట్టాలను సున్నపు గోడల్లో పూడ్చకుండా పైకి కనిపించేలా బిగించండి. కారితే వెంటనే తెలుస్తుంది.

చెక్క పట్టీల మీది పాత తీగలు మొత్తం తీసేయాల్సిందే. ప్రతి వాటాకు విడిగా మెయిన్ స్విచ్చు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు), పెరట్లో ఎర్తు గుంట. దీపాలకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి ప్రతి మీటరు లోడు పెంచుకోండి. గోడలు కోయకుండా పైపు పైనుంచే తీసి, గోడ రంగే వేయించండి. ఏసీ పెట్టే గదిలో వెంటిలేటరును ఇటుకతో పూడ్చకుండా అద్దం రెక్క బిగించండి. బయటి యంత్రం పెరటి వైపే ఉండాలి.

9. అద్దెకిచ్చాక

ఒప్పందంలో మామూలు షరతులతో పాటు నాలుగు మాటలు చేర్చండి: గోడకు మేకు కొట్టాలంటే చెప్పి కొట్టాలి, మేడ మీద బరువులు పెట్టకూడదు, సొంతంగా సిమెంటు పని చేయించకూడదు, కారుడు కనిపించిన రోజే ఫోను చేయాలి. దానికి బదులుగా మీరు రెండు రోజుల్లో మనిషిని పంపాలి. మీరు పంపకపోతే మూడోసారి వాళ్ళు ఫోను చేయరు, బకెట్టు పెట్టుకుంటారు.

మేలో తూములు శుభ్రం చేయించి, పగిలిన పెంకులు మార్పించండి. అందుకోసం పెరట్లో ఓ యాభై పెంకులు ఎప్పుడూ పేర్చి ఉండాలి. సెప్టెంబరు చివర చూరు తీగలు, కిటికీ గడియలు చూడండి. సంక్రాంతికి ముందు వెల్ల. దంతె చివరలను ఏడాదికొకసారి స్క్రూడ్రైవరుతో పొడిచి నోటుపుస్తకంలో రాయండి. మా ఇంట్లో అటక నిచ్చెన మామ్మగారి వాటాలోనే ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే నాకంటే ముందు ఆవిడే పెంకు పనివాడికి కబురు పెట్టి, ఆ తరవాత నాకు ఫోను చేసి కూలి ఎంత ఇవ్వాలో చెబుతారు.